క్యాంపులో ఎవరో ఉన్నారు

ఆల్బుకర్కీ
అక్టోబరు 14

అక్కా,

రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. స్కూలు వంటింట్లో నీకు చెయ్యి ఖాళీ ఉండదని తెలుసు కాబట్టి మెయిల్ రాస్తున్నాను.

పోయిన వారం నుంచి సరస్సు దగ్గర మన క్యాంపు ఇల్లు నాకు ఫోన్లో అందడం లేదు. ఐనో బాబాయి ఇల్లు మనిద్దరి పేరా రాసి పోయాక, బట్టల అల్మారాలో నేనొక చిన్న సర్వర్ పెట్టె పెట్టాను కదా. హీటరు, నీళ్ళ పంపు, తలుపు తాళం, ఆవిరి స్నానాల సౌనా అన్నీ దాని మాటే వింటాయి. దాన్ని నేను ఇక్కణ్ణుంచి ఫోన్లో చూసుకుంటూ ఉంటాను. ఇప్పుడు తెరిస్తే ఖాళీ తెర తప్ప ఏమీ లేదు. కరెంటు పోయిందేమోనని కనుక్కున్నాను. ఆ వైపు ఎవరికీ పోలేదట.

ఇంకో సంగతి. పెట్టె కనిపించకుండా పోయే ముందు ఎవరో అంకెలు నొక్కి ముందు తలుపు తెరిచారు. అది వచ్చేపోయే చుట్టాల కోసం పెట్టిన అంకె. నాది కాదు, నీది కాదు. ఎవరికైనా చెప్పావా?

ఒకసారి వెళ్ళి చూసిరా. చలి ముదిరాక హీటరు ఆగితే గోడల్లో గొట్టాలు పగులుతాయి. బావని కూడా తీసుకెళ్ళు, ఆయనకి ఇలాంటివి బాగా తెలుసు.

రూబెన్


హాంకాక్
అక్టోబరు 19

ఒరే రూబెన్,

వెళ్ళొచ్చాను. ఇల్లు ఉన్నచోటే ఉంది. సరస్సు కూడా ఎక్కడికీ పోలేదు. నీ పెట్టె మీద పచ్చ దీపాలు బుద్ధిగా వెలుగుతున్నాయి. తీగ పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టాను. నువ్వు ఎప్పుడూ చెప్పే వైద్యం అదేగా. గొట్టాలు బాగున్నాయి, హీటరు బాగుంది. దిగులు పడకు.

తలుపు అంకె అంటావా, పోయిన వేసవిలో ఎంతమందికి చెప్పామో నాకే గుర్తులేదు. ఎవరో వేటకి పోతూ టోపీ మర్చిపోయారేమో, వచ్చి తీసుకెళ్ళి ఉంటారు.

మీ బావకి నడుం పట్టేసింది, రాలేకపోయాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఫోన్ చెయ్యకు, ఈ నెలంతా వంటింట్లో మనుషులు తక్కువ. రాయి, తీరిగ్గా చదువుకుంటాను.

ఐలా


ఆల్బుకర్కీ
నవంబరు 12

అక్కా,

నువ్వు తీగ పీకి పెట్టాక కూడా పెట్టె కనిపించలేదు. నీకు శ్రమెందుకని ఊరుకున్నాను. నిన్న మధ్యాహ్నం అన్నం తింటూ అలవాటుగా తెరిచాను. పెట్టె లేచి కూర్చుంది. నమ్మలేకపోయాను.

ఏం కనబడిందో తెలుసా? సౌనా వేడెక్కుతోంది. పంపు నడుస్తోంది. వెనక గదిలో దీపం వెలుగుతోంది. కాసేపు చూస్తూ ఉండగానే అన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. కరెంటు ఈసారి కూడా పోలేదట, కనుక్కున్నాను. ఎవరో చేత్తో ఆపారు.

అక్కా, క్యాంపులో ఎవరో ఉన్నారు.

నాకు తట్టింది ఒక్కటే. తాళం చెవి ఉన్నది ఆర్వో దగ్గర. మంచు తోస్తాడని, పక్కిల్లని బాబాయి ఇచ్చాడు. ఆయన కట్టెల సౌనా కప్పు కూలిందని నువ్వే అన్నావు. వయసైపోయింది, మన విద్యుత్ సౌనాలో వెచ్చగా కూర్చుందామనుకుంటే తప్పు పట్టను. కానీ అడగాలి కదా. నేను చూస్తానని పెట్టె ఆపేసి మరీ కూర్చుంటే దాన్ని ఏమంటారు?

ఇంకోసారి వెళ్ళి ఈ పని చెయ్యి. అక్కడి వైఫై అందుకున్నాక, నీ ఫోన్లో "నా ఐపీ అడ్రసు ఎంత" అని వెతుకు. నాలుగు ముక్కల అంకె వస్తుంది. ఇంటి ముందు గుమ్మానికి కొట్టిన నంబరు లాంటిది, ఏ ఇంటిది దానికే. అది నాకు పంపు. నంబరు మారి ఉంటే నేను తప్పు గుమ్మం తడుతున్నానన్నమాట.

రూబెన్


హాంకాక్
నవంబరు 16

రూబెన్,

ఆర్వోని అనకు. బాబాయి శవపేటిక మోసిన మనిషి ఆయన. పైగా ఆయన ఇక్కడ లేనే లేడు. కంటి ఆపరేషనని పట్నంలో కూతురింటికి వెళ్ళి పది రోజులు దాటింది.

నువ్వడిగిన అంకె కింద రాశాను. వెళ్ళాను, చూశాను, ఎవరూ లేరు. నీ యంత్రానికే పిచ్చెక్కి ఉంటుంది. చలికి మనుషులకే ఎక్కుతోంది. ఇంక వసంతం దాకా వదిలెయ్. మంచు కరిగాక నువ్వే వచ్చి బాగుచేసుకో.

అడగడం మర్చిపోయాను. ఆ రోజు సౌనా ఎంతసేపు నడిచింది? దీపం వెనక గదిలోదేనా? ఇంకేమైనా కనబడిందా?

ఐలా


ఆల్బుకర్కీ
నవంబరు 17

అక్కా,

నువ్వు పంపిన నంబరు క్యాంపుది కాదు. హాంకాక్‌లో మీ ఇంటిది. మీ ఇంట్లో రౌటర్ పెట్టింది నేనే, ఆ నంబరు నా దగ్గరుంది. నువ్వు వంటింట్లో కూర్చుని ఫోన్ చూసి రాసి పంపావు. క్యాంపుకి వెళ్ళనే లేదు. అక్టోబరులో కూడా వెళ్ళి ఉండవు. నా పెట్టె మీద పచ్చ దీపాలు లేవక్కా, ఉన్నది ఒక్క నీలం దీపం. అప్పుడే అనుమానం వచ్చింది, పోనీలే, రంగు గుర్తులేక రాసిందనుకున్నాను.

ఆర్వో ఊళ్ళో లేడని నువ్వే చెప్పావు. మరి సౌనా వేసిందెవరు? ఎవరూ లేరని ఒక చేత్తో రాస్తావు, దీపం ఏ గదిలో అని ఇంకో చేత్తో అడుగుతావు.

నాకు వచ్చిన ఆలోచన రాసేస్తున్నాను, మనసులో పెట్టుకుంటే ఇంకా పాడవుతుంది. మీ ఇద్దరూ క్యాంపుని వేటగాళ్ళకి అద్దెకిచ్చారా? లేకపోతే కొనేవాళ్ళెవరైనా వచ్చి ఉండి చూసుకుంటున్నారా? పోయినేడు అంత్యక్రియల రోజున బావ అన్నాడు, ఇద్దరి పేరా ఉన్న ఇల్లు ఎవరికీ కాకుండా పోతుందని. మర్చిపోలేదు.

నిజం చెప్పు. లేకపోతే షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి, మా ఇంట్లో ఎవరో దూరారు, వెళ్ళి చూడండని చెప్తాను. సగం ఇల్లు నాది, ఆ హక్కు నాకుంది.

రూబెన్


హాంకాక్
నవంబరు 17

షెరిఫ్‌కి ఫోన్ చెయ్యకు. మిగతాది తర్వాత, ముందు ఈ మాట విను. తుపాకీ కట్టుకున్న మనిషిని ఆ ఇంటి గుమ్మంలోకి పంపకు.

అవును, వెళ్ళలేదు. అబద్ధం రాశాను. కానీ అబద్ధం పట్టుకున్నానని సంబరపడే ముందు నీ సంగతి కూడా చూసుకో. జూలైలో నేనూ నా స్నేహితురాలూ క్యాంపులో రెండు రోజులున్నాం. నీకు చెప్పలేదు. తర్వాతి ఉత్తరంలో, సౌనా బాగుందా అక్కా, అని అడిగావు. ఎవరు ఎప్పుడు తలుపు తీశారు, ఎంతసేపు స్నానం చేశారు, ఏ గదిలో దీపం ఆర్పారు, అన్నీ అంత దూరాన కూర్చుని అన్నం తింటూ చూస్తావు. గొట్టాల కోసమే అంటావు. గొట్టాలకి దీపాలతో పనేంటి?

ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే నీ కళ్ళముందు బట్టలు మార్చుకుంటున్నట్టు ఉంటుంది. పెట్టె ఎవరు ఆపారో గానీ, జూలైలో నేనే ఆపాల్సింది.

ఇల్లు అమ్మట్లేదు, అద్దెకివ్వలేదు. ఇంతకంటే ఇప్పుడు చెప్పలేను.

ఐలా


ఆల్బుకర్కీ
నవంబరు 25

అక్కా,

షెరిఫ్‌కి చెయ్యలేదు. జూలై సంగతి నువ్వన్నది నిజమే.

కానీ ఇంటర్నెట్ కంపెనీకి చేశాను. క్యాంపు లైను నిక్షేపంగా ఉందట. పోయిన వారం గాలివానకి తీగ తెగితే వాళ్ళ మనిషి వెళ్ళి బాగుచేసి, మోడెమ్ మార్చి వచ్చాడట. పెట్టెని ఇప్పుడు తిరిగి పెట్టినా నాకు కనబడదు. నా పెట్టెకి బయటి నుంచి దారి చూపేది పాత మోడెమ్. కొత్తదానికి ఆ దారి ఎవరూ చెప్పలేదు. ఇంతవరకు యంత్రం సంగతి.

ఇంట్లో ఉండి మోడెమ్ తీసుకున్నదెవరని అడిగాను. చూసి చెప్పారు, లైల్ అని, బావ పేరే.

నడుం పట్టేసి మంచం మీదున్న మనిషి సరస్సు దగ్గర ఏం చేస్తున్నాడు? బావ పనిచేసే స్కూలు బస్సుల గ్యారేజీకి ఫోన్ చేసి ఆయన్ని పిలవమన్నాను. ఎత్తినాయన, లైల్ సెప్టెంబరు నుంచి రావడం లేదు, మీకు తెలీదా, అన్నాడు.

బావ అక్కడ ఎవరితో ఉంటున్నాడక్కా? నీకు తెలిసే ఉంటున్నాడా? నువ్వు నా దగ్గర దాస్తున్నది ఆయన్నా, లేక ఆయన నీ దగ్గర దాస్తున్నదాన్నా? ఇంకొక మనిషి ఉంటే చెప్పు. నీ పక్షానే ఉంటాను.

రూబెన్


హాంకాక్
నవంబరు 26

రూబెన్,

ఇంకొక మనిషి లేదు. ఉంటే బాగుండేదని ఒక్కోరోజు అనుకున్నాను, కనీసం తిట్టుకోడానికి ఒకరుండేవాళ్ళు.

సెప్టెంబరులో ఒక పొద్దున పొగమంచులో మీ బావ నడిపే బస్సు కొండ మలుపులో జారి గుంటలోకి ఒరిగింది. పిల్లలందరూ బయటపడ్డారు. ఒక పిల్లకి చెయ్యి విరిగింది, పేరు జోడి, ముందు సీట్లో కూర్చుని రోజూ ఆయనకి పొడుపుకథలు వేసేది. విచారణ చేసి, డ్రైవరు తప్పేం లేదని తేల్చారు. జోడి వాళ్ళమ్మ స్వయంగా ఇంటికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని మాట్లాడింది. అయినా ఆయన మళ్ళీ స్టీరింగు పట్టలేదు. బస్సుదే కాదు, మన బండిది కూడా. తిండి తగ్గింది. మాట్లాడిస్తే పక్కగదిలోంచి పలికినట్టు పలికేవాడు. నేను కసిరాను. బతిమాలాను. మళ్ళీ కసిరాను. అక్టోబరులో ఒకరోజు స్కూలు వంటింట్లోంచి వచ్చేసరికి లేడు. ఆర్వోని బండి తెమ్మని పిలిచి క్యాంపుకి వెళ్ళిపోయాడు. వెనకాల రావద్దని, వస్తే ఇంకా దూరం పోతానని చెప్పి పంపాడు.

ఆర్వో ఉన్నన్నాళ్ళూ రోజూ తొంగి చూసి, ఉన్నాడమ్మా, అని ఫోన్ చేసేవాడు. ఒకసారి, గొట్టం తుడిచి పెడతానని చెప్పి మీ బావ వేట తుపాకీ తనింటికి పట్టుకుపోయాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత కళ్ళ ఆపరేషనుకి వెళ్ళాడు. ఇంక నాకు కబురు చెప్పేవాళ్ళే లేరు. క్యాంపులో ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది, సౌనా వేడెక్కుతోందని. అది చదివి స్కూలు వంటింటి వెనక మెట్ల మీద కూర్చుండిపోయాను. స్నానం చెయ్యాలని అనిపించిందంటే మనిషి ఇంకా ఉన్నాడన్నమాట. అందుకే దీపం సంగతి అడిగాను. నువ్వు దొంగని వెతుకుతున్నావు, నేను నీ ఉత్తరాల్లో మొగుణ్ణి వెతుక్కుంటున్నాను.

నీకెందుకు చెప్పలేదంటావా? నీకు బావంటే ఎప్పుడూ ఏదీ చెడిపోనివ్వని మనిషి. అలాగే ఉండనిద్దామనుకున్నాను. ఫోన్లో అయితే నా గొంతు పట్టిస్తుందని రాయమన్నాను.

ఐలా


ఆల్బుకర్కీ
నవంబరు 26

అక్కా,

ఇది చదివిన వెంటనే బయల్దేరు. నేను కూడా నీకొకటి రాయలేదు. ఆ రోజు పెట్టె లేచినప్పుడు లోపల ఎంత చలిగా ఉందో కూడా కనబడింది. నీళ్ళు గడ్డకట్టడానికి కాస్త పైన, అంతే. దొంగ అనుకున్నాను కాబట్టి, వాడు వణికితే వణకనీ అనిపించింది.

ఆ ఇంట్లో హీటరుకి వెచ్చదనం పెంచమని చెప్పేది నా పెట్టె ఒక్కటే. పెట్టె ఆపేస్తే గొట్టాలు పగలకుండా ఉండేంత వేడి తప్ప ఇంకేమీ ఇవ్వదు. నేనే అలా అమర్చాను. ఖాళీ ఇల్లు కదా అని. బావ ఇన్ని వారాలుగా ఆ చలిలో ఉన్నాడు. నాకు కనబడకుండా ఉండాలంటే ఆయనకి ఇంకో దారి లేదు.

రావద్దన్నాడని ఆగకు. శుక్రవారం నుంచి పెద్ద మంచు అంటున్నారు. పెట్టె, మోడెమ్, దారి, అవేం ముట్టుకోవద్దు, నాకేం చూపించొద్దు. వెళ్ళి తలుపు కొట్టు.

రూబెన్


హాంకాక్
డిసెంబరు 4

రూబెన్,

వెళ్ళాను. ఈసారి నిజంగా.

దారి తోసే ఆర్వో లేడు కదా, బండి రోడ్డు మీదే వదిలేసి మంచు చెప్పులు కట్టుకుని నడిచాను. భుజాన సంచిలో మాంసం కూరి కాల్చిన పాస్టీలు, యాలకుల రొట్టె. దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూ వెళ్ళాను. పొగగొట్టంలో పొగ చూశాక ఒక్క మాట కూడా గుర్తులేదు.

తలుపు ఆయనే తీశాడు. ఐనో బాబాయి పాత కోటు, దాని మీద దుప్పటి. గడ్డం ఛాతీ దాకా వచ్చింది. తిడతాడనుకున్నాను. పక్కకి తప్పుకున్నాడు, అంతే. పొయ్యిలో తడి కట్టెలు, వెచ్చదనం కంటే పొగే ఎక్కువ. పాస్టీ వేడి చేసి ఇస్తే తిన్నాడు. సగం తిన్నాక అడిగాడు.

"ఎవరు పంపారు?"

రూబెన్ వెళ్ళమన్నాడు, నాకు ముందే రావాలని ఉండింది, అన్నాను.

పొయ్యిలోకి ఇంకో కట్టె తోసి చెప్పాడు. పెట్టె మొదటిరోజే తీసేశాడట. బస్సు ఒరిగిన రోజు నుంచి తోటలో, కొట్లో, చర్చిలో అందరూ తనని చూస్తూనే ఉన్నారట, జాలిగా. ఇక్కడ కూడా ఒక కన్ను ఉందంటే భరించలేకపోయాడట. తర్వాత ఆయనన్న మాట నీకు చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. చెప్పాలి.

"ఒకరోజు నేనే మళ్ళీ పెట్టాను దాన్ని," అన్నాడు. "ఆ పొద్దున లేవబుద్ధి కాలేదు ఐలా. ఏ పనీ ఎందుకు చెయ్యాలో తెలియలేదు. లేచి పెట్టె పెట్టి, సౌనా వేసి, దీపం వేశాను. మీ తమ్ముడు రోజూ చూస్తాడుగా. చూసి ఫోన్ చేస్తాడనుకున్నాను. ఫోన్ పక్కనే కూర్చున్నాను."

ఫోన్ రాలేదు. లేచి మళ్ళీ తీగ పీకేశాడు.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. నీకెలా తెలుస్తుంది? నాకే తెలియలేదు. నేను ఫోన్ చేసినప్పుడు ఎందుకు ఎత్తలేదని అడిగాను. నీకు ఏం చెప్పాలో తెలియక, అన్నాడు. నీ తమ్ముడితోనైతే పంపు గురించి మాట్లాడి పెట్టెయ్యొచ్చు కదా, అన్నాడు.

మంచు కురిసిన రోజులన్నీ అక్కడే ఉన్నాను. పెట్టె పెట్టించి హీటరు పెంచాను, మోడెమ్ జోలికి పోలేదు. హౌటన్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వస్తానన్నాడు, నేను బండి నడిపితే. ఇంటికి మాత్రం ఇప్పుడే రానన్నాడు. ఆర్వో తిరిగొచ్చాడు, నల్ల కళ్ళజోడు పెట్టుకుని పొద్దునా సాయంత్రం వచ్చి కూర్చుంటున్నాడు. నేను పని రోజుల్లో ఇక్కడ, శని ఆదివారాలు అక్కడ. ఇలా ఎన్నాళ్ళో తెలీదు.

ఐలా


ఆల్బుకర్కీ
డిసెంబరు 7

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు క్యాంపుకి ఫోన్ చెయ్యలేకపోయాను. ఆ మధ్యాహ్నం నేను ఏం చేశానో నాకు బాగా గుర్తుంది. చెయ్యి కడుక్కుని పనిలో పడ్డాను, మర్నాడు ఆర్వో మీద నీకు ఉత్తరం రాశాను.

ఇవాళ పొద్దున క్యాంపుకి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. పంపు గురించి, కొత్త మోడెమ్ గురించి మాట్లాడదామని అన్నీ సిద్ధం చేసుకున్నాను, ఆయనకి అదే సుఖమన్నావు కదా అని. ఎత్తాడు. ఆ గొంతు విన్నాక పంపు గుర్తుకి రాలేదు. ఎలా ఉన్నావు బావా, అన్నాను.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అడిగి ఉంటానో, ప్రతిసారీ బాగానే ఉన్నాననేవాడు, నేనూ అంతటితో సరిపెట్టుకునేవాణ్ణి. ఇవాళ అన్నాడు.

"బాగాలేను, రూబెన్."

సలహా ఒక్కటీ రాలేదు. సరే బావా, నేను వింటున్నాను, అన్నాను. ఆయన చెప్పాడు. గుంటలోకి ఒరిగాక బస్సు లోపల ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదట. పిల్లలు ఏడవడం మొదలుపెట్టేదాకా ఉన్న ఆ ఒక్క క్షణం గురించే చెప్పాడు, మళ్ళీ మళ్ళీ. నేను ఆపలేదు. ఆఫీసుకి ఆలస్యమైంది, పోనీ అనుకున్నాను.

చివర్లో, పెట్టెని నీకు కనబడేలా చెయ్యనా రూబెన్, అని ఆయనే అడిగాడు. వద్దన్నాను. శనివారం వస్తున్నానని చెప్పాను. విమానం దిగేసరికి నువ్వు బండి తీసుకుని రా చాలు. నాకు వెనక గదిలో మంచం వెయ్యమను.

రూబెన్